సమ్మెట గ్వేలాన్

ఆకాశంలోకి పోయే పొగ తగ్గాలి, చలికి ఇళ్లు వెచ్చబెట్టే బొగ్గుపొయ్యిలు తీసేసి కరెంటు హీటర్లు పెట్టుకోండని ప్రభుత్వం ఆర్డరు వేసినప్పటి నుంచీ, ఉత్తర చైనాలోని మా హెబెయ్ పల్లెల్లో పొయ్యిలు పగలగొట్టే పని గ్వేలాన్‌దే. పొట్టి ఆడమనిషి, భుజాలు మాత్రం ఎద్దు మూపులా ఉంటాయి. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వస్తుంది. పొట్టు గుమ్మం బయటే ఉమ్మేసి, అరచేతులు రుద్దుకుని, ఒక్క మాటైనా లేకుండా సమ్మెట ఎత్తుతుంది. పొయ్యి కూలినా ఆగదు. పడిన ఇటుకల్ని పొడి అయ్యేదాకా బాదుతుంది. కూలి కోసం కాదు, ఏదో కసితో కొడుతోందని అందరూ అనుకునేవాళ్లం.

మొన్న గెంగ్ తాత తన పొయ్యికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆ కరెంటు డబ్బా నా ఎముకల్ని వెచ్చబెడుతుందటే, రాక్షసీ? ముట్టుకున్నావంటే చంపేస్తా!" అంటూ నిప్పు కెలికే ఇనుప ఊచతో ఆవిడ నుదుటి మీద కొట్టాడు. నెత్తురు కంట్లోకి కారింది. గ్వేలాన్ తుడుచుకోలేదు. ముసలాయన్ని మెడ పట్టి గోడకు నెట్టేసి, పొయ్యి మీద సమ్మెట దింపింది. ఇటుకలు చిట్లి ఎగిరాయి, మసి గదంతా కమ్మింది. తాత చతికిలబడి ఏడ్చాడు. "చలికి చచ్చిపోతానే, తల్లీ!"

గ్వేలాన్ అప్పుడు నోరు విప్పింది. "చలేస్తే లేచి అరుస్తావు, తాతా. మా ఆయనా పిల్లా తలుపులు బిగించుకుని బొగ్గుపొయ్యి పక్కన పడుకున్నారు. ఆ పొగకి లేవనే లేదు. పొద్దున పని నుంచి నేనొచ్చి దుప్పటి తీస్తే ఊపిరి లేదు గానీ, ఇద్దరి ఒళ్లూ వెచ్చగానే ఉన్నాయి."

తాత ఊచ వదిలేసి పక్కకు జరిగాడు. ఆవిడ మిగిలిన ఇటుకల మీదికి మళ్లీ సమ్మెట ఎత్తింది.