పరికి కంపకు కంచె

పరికి కంప అంటే అందరికీ చిరాకే, నాకు తప్ప. ఇస్లాపూర్ దగ్గర మా అన్న చేను గట్టు మీద ఒక పాత పొద ఉండేది. చలికాలం వస్తే మిరియాలకన్నా కాస్త పెద్దవి, నల్లగా నిగనిగలాడే పండ్లు కాసేది. దాని ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి. లోపలికి పోనిస్తాయి, బయటికి రానివ్వవు. చిన్నప్పుడు నా లంగా చిక్కుకుంటే నేను గుంజి చింపుకునేదాన్ని. అన్న మాత్రం "గుంజకే, ముంగటికి జరుగు" అంటూ ఒక్కొక్క ముల్లునూ ఓపిగ్గా విడిపించేవాడు.

రోడ్డు వెడల్పు చేస్తారని, ఆ గట్టు పోతుందని రెండేళ్ళ కిందట తెలిసింది. నాకు చేను గురించి బెంగ లేదు, పొద గురించే. నాందేడ్‌లో మా ఇంటి గేటు పక్కన మూరెడు మట్టి ఉంది. ఆ పొద పిల్ల ఒక్కటైనా అక్కడ బతకాలని పట్టుబట్టాను. "ఘరాత్ కాటే కశాలా గ?" అని పక్కింటి మరాఠీ ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఇంట్లో ముళ్ళెందుకే అని ఆవిడ బాధ. మా ఆయన అయితే, ఇంట్లో నువ్వున్నావుగా, ఇంకా ముళ్ళెందుకన్నాడు. ఆ రోజు ఆయనకు టీ ఆలస్యంగా అందింది.

ముందు ఒక పిలకను తవ్వి తెచ్చాను. దాని వేరు ఎంత లోతుకు పోయిందో తెలియక సగంలో తెంపాను, వారానికే ఎండిపోయింది. తర్వాత పండ్లు తిని గింజలు కుండీలో వేశాను. వానాకాలమంతా నీళ్ళు పోస్తే గడ్డి మొలిచింది.

దారి చూపింది మా అన్న పక్కింట్లో మేకలు కాసే అవ్వ. "ఉత్త గింజ మొలవది బిడ్డా, తొక్క రాయి తీరు ఉంటది. మేక మింగుతది, నెమరేసేటప్పుడు ఉమ్మేస్తది. ఆ గింజలు తీస్కపో" అంది. అవ్వ కొట్టం ఊడ్చిన చెత్తలో కూర్చుని దోసెడు గింజలు ఏరుకున్నాను. మా అన్న గట్టు మీద మేసిన మేకలే అవి. గింజలు కడిగి, ఒక రాత్రి నానబెట్టి, తొలకరికి పొడుగు సంచుల్లో వేశాను, వేరు కిందికి దిగాలని. నీళ్ళు తక్కువ పోశాను, మనసు ఎంత పీకినా. మూడు మొలిచాయి. నా సంతోషం చూసి మా ఆయన కూడా ఏమీ అనలేదు.

జానెడు ఎదిగాక గేటు పక్కన నాటాను. లేత మొక్క ముళ్ళు మెత్తగా ఉంటాయని నాకు తట్టలేదు. ఈ చలికాలం మొదట్లో గల్లీ మేక ఒకటి గేటు సందులోంచి తల పెట్టి రెండింటిని మొదలంటా కొరికేసింది. మిగిలింది ఒక్కటి. అన్నకు ఫోన్ చేసి దాదాపు ఏడ్చాను. "కంచెకు కంప తెస్త తియ్యే" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆటో నిండా కంపతో దిగాడు. దించుతుంటే చూశాను, పచ్చి కొమ్మలు, వాటి నిండా నల్ల పండ్లు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గట్టు మీది పొదనే నరికినవా అన్నా? నీకు వేరే కంప దొరకలేదా?"

అన్న నా కళ్ళలోకి చూడలేదు.

"రేపు రోడ్డు మిషన్ అస్తదట చెల్లె. దానికి ఇయ్యబుద్ధి గాలె. నేనే కొట్టుకచ్చిన."

ఇద్దరం కలిసి మొక్క చుట్టూ ఆ కొమ్మలు నిలబెట్టాం. నా చీర చిక్కుకుంటే గుంజబోయాను. అన్న వంగి, చిన్నప్పటిలాగే ఒక్కొక్క ముల్లునూ విడిపించాడు.

తర్వాత కొమ్మల మీది పండ్లు తెంపి చెరి గుప్పెడు నోట్లో వేసుకున్నాం. ఆ పొద ఆఖరి గింజలు మాత్రం ఇద్దరం ఊసెయ్యలేదు. బుగ్గల నిండా వాటిని పెట్టుకుని, మాట్లాడే వీలు లేక, గేటు దగ్గర అలాగే నిలబడ్డాం.