తుంగ పోయేదాకా

మొన్న మా ఘాజియాబాద్ ఫ్లాట్ బాల్కనీలో, నర్సరీ నుంచి తెచ్చిన తులసి కుండీలో తుంగ మొలక ఒకటి కనిపిస్తే, వేలితో మట్టి తవ్వి దాని గడ్డ పైకి తీశాను. గోటితో గిల్లగానే కర్పూరమూ తడిమట్టీ కలిసినట్టుండే ఆ ఘాటు వాసన వచ్చింది. సరోజినీ నగర్ క్వార్టర్లో నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

మాది కింది వాటా. ముందు నాలుగు మంచాలు పట్టేంత లాన్. మెట్రో కోసం ఢిల్లీ అంతా తవ్వుతున్న రోజులవి, మా నాన్న మాత్రం ఆఫీసు నుంచి రాగానే ప్యాంటు మడిచి ఆ లాన్లోనే కూర్చునేవాడు. వేసవి సాయంత్రాలు పైపుతో తడిపినప్పుడు నేలలోంచి లేచే ఆవిరి, చలికాలం ఆదివారాలు చాప మీద నారింజలు వొలుచుకుంటూ కాగిన ఎండ, వానల్లో అమ్మ కాల్చిచ్చిన మొక్కజొన్న పొత్తులు, గేటు పక్క తొక్కుడుబిళ్ళకి, అక్కడి మాటలో స్టాపూకి, బొగ్గుతో గీసుకున్న గళ్ళు, మా కాలమంతా ఆ గడ్డి చుట్టూనే నడిచేది. ఒక్క వాన పడితే చాలు, తుంగ తన్నుకొచ్చేది. నాన్న పైపైన పీకేవాడు. మూడోనాటికి మళ్ళీ హాజరు.

నానమ్మ పోయిన ఏడాది శ్రావణంలో తాతయ్య తెనాలి దగ్గరి ఊరి నుంచి మా దగ్గరే ఉండిపోదామని వచ్చాడు. నాలుగో రోజు ఇంట్లో ఎవరూ లేని వేళ, బతుకంతా పొలంలో గరికతో కుస్తీ పట్టిన మనిషి, కొడుకు వాకిట్లో అంత గరిక చూసి తట్టుకోలేకపోయాడు. పారతో మొత్తం చెక్కి, గేటు పక్క కుప్పేసి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఢిల్లీలో ఆ గరికనే దూబ్ అని నాటి, నీళ్ళు పోసి పెంచుతారని ఆయనకెవరు చెప్పారు?

సాయంత్రం నాన్న గేటు దగ్గర నిలబడిపోయాడు. ప్యాంటు మడవకుండానే లోపలికి వెళ్ళాడు. పక్క క్వార్టర్ తోటమాలే నవ్వాడు, "బాబూజీ, ఘాస్ కహాఁ గయీ?" అని. గడ్డి ఏమైందని అడుగుతున్నాడని తాతయ్యకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహం చిన్నబోయింది.

"నాకు టికెట్టు తీయించరా. ఇక్కడి పద్ధతులు నాకు తెలీవు," అన్నాడు మర్నాడు పొద్దున్నే. నాకు ఏడుపు ఆగలేదు.

నాన్న బురదలో చతికిలబడి తుంగ మొలక ఒకటి పీకి చూపించాడు. "గరిక మళ్ళీ నాటుకోవచ్చు నాన్నా. దీంతోనే నా వల్ల కావట్లేదు. ఇది పోయేదాకా ఉండు."

తాతయ్య గునపం అడిగాడు. ఆకు పీకితే లాభం లేదని, లోతుగా తవ్వి, తీగ పట్టుకుని గడ్డకు గడ్డ లాగాలని చూపించాడు. చెక్కేసిన కుప్పలోంచే పచ్చి కణుపులు ఏరించి, ఊడ్పుల్లో నారు నాటినట్టు, జానెడు ఎడంతో నా చేత నాటించాడు. వినాయక చవితి పూజకు గరిక మా లాన్లోదే. దసరాకల్లా నేల పచ్చబడింది, తుంగ దాదాపు పోయింది.

నా భయమల్లా అదే. నాన్న అన్న మాటను నేను అక్షరాలా నమ్మాను. తాతయ్య డబ్బాలో వేసిన గడ్డలు గుప్పెడు దొంగిలించి, స్టాపూ ఆడుతున్నట్టు నటిస్తూ గోడవారగా పాతేశాను.

కొన్నాళ్ళకు అవి మొలిచాయి. తాతయ్య వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చుని నన్ను పిలిచాడు.

"తుంగ ఎక్కడన్నా వరసగా, జానెడు ఎడంతో మొలుస్తుందటే అమ్మడూ?"

"ముఝే నహీఁ పతా తాతయ్యా," అన్నాను, నాకేం తెలీదన్నట్టు తల వంచుకుని.

ఆయన నా గోళ్ళలో మట్టి చూశాడు. తర్వాత లోపలికి వినబడేలా కేకేశాడు. "ఒరేయ్, ఇదింకా పోలేదురా!"

మరో ఆరేళ్ళు ఆయన మాతోనే ఉన్నాడు. ఆయన లేడిప్పుడు. ఆ క్వార్టర్లూ కూలగొట్టారు. మా బాల్కనీలో పరిచింది ప్లాస్టిక్ గడ్డి, దానికి కలుపు బెడద లేదు. నాన్న ఇప్పటికీ తుంగ మహా మొండిదంటాడు.

గిల్లిన గడ్డను మళ్ళీ కుండీలోనే పెట్టి మట్టి కప్పాను.