మగ్గం ఆగినన్ని రోజులు

దయ్యాల కథలు చదవడం నాకు ఇష్టం. నమ్మింది మాత్రం ఎన్నడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను రాస్తున్నది కూడా దయ్యం గురించి కాదు. దేని గురించో సరిగ్గా చెప్పలేను.

గద్వాలలో ఒక చీరల షాపులో కంప్యూటర్ పని చేస్తాను. మా నాయన ఆ షాపు షావుకారుకే ఇంట్లో మగ్గం మీద చీరలు నేసేవాడు. కొత్త చీరల ఫోటోలు, ధరలు రోజూ పొద్దున ఆరింటికి బయటి ఊళ్ల వ్యాపారుల వాట్సాప్‌కు వాటంతటవే వెళ్లేలా షాపు కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, టైం పెట్టాను. వెళ్తున్నాయో లేదో తెలియడానికి నా నంబరు కూడా కలిపాను. ఒక్క రోజూ తప్పలేదు.

ఒకసారి నాయనకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన నవ్వాడు.

"నువ్వు లేకున్నా పనైతదంటివి. మరి నీకు జీతమెందుకురా?"

మళ్లీ ఆయనే, "మా మగ్గం నయం. ఇంట్ల ఎవరన్న పోతే ఆగుతది. నీ మిషిన్‌కు నేను పోయినా తెల్వదు" అన్నాడు. అది కూడా నవ్వుతూనే.

పోయిన చలికాలం గుండెపోటుతో నాయన పోయాడు. మా ఇళ్లలో చావు జరిగితే దినాలు అయ్యేదాకా మగ్గం ముట్టరు. అమ్మ దాని మీద పాత దుప్పటి కప్పింది. షాపు కంప్యూటర్ సంగతి నాకు గుర్తే రాలేదు.

మూడో రోజు పిట్టకు పిండం పెట్టి వచ్చిన మధ్యాహ్నం షావుకారు ఫోన్ చేశాడు. ఫోటోలు పోవడం లేదని, బెంగళూరు వాళ్లు అడుగుతున్నారని మొహమాటపడుతూ చెప్పాడు. ఫోన్ చూసుకుంటే, నాయన పోయిన తెల్లారి నుంచి నాకూ రాలేదు.

ముందుగదిలో చుట్టాలు కూర్చుని ఉన్నారు. నేను ఇంటి వెనక బాత్రూం గోడ చాటుకు వెళ్లి, ఫోన్‌లోంచే షాపు కంప్యూటర్ తెరిచాను. తలకొరివి పెట్టిన చేత్తోనే ప్రోగ్రాం నడపమని నొక్కాను. ఏమీ కాలేదు. తప్పు ఎక్కడుందో కూడా చూపించలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను. లోపలి నుంచి అమ్మ పిలిచింది. ఫోన్ జేబులో పెట్టుకుని, కళ్లు తుడుచుకున్నట్టు చేసి లోపలికి వచ్చాను. ఏడ్చి వచ్చానని అందరూ అనుకున్నారు.

షావుకారుకు నెట్ లేదని చెప్పాను. అబద్ధం. నెట్ ఉంది. లెక్కల కాపీ తీసే ఇంకో ప్రోగ్రాం అదే కంప్యూటర్‌లో రోజూ సాయంత్రం నడుస్తూనే ఉంది. ఫోటోలది ఒక్కటే కదలలేదు. దాన్ని ఆపడం షాపులో ఇంకెవరికీ రాదు.

దినాలు అయిన తెల్లారి అమ్మ దుప్పటి తీసింది. మగ్గం తుడిచి దీపం పెట్టింది. గద్వాల చీరకు అంచు కలపడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి ఎప్పుడూ అమ్మే. తన చోట తాను కూర్చుని, నాయన చోట నన్ను కూర్చోమంది.

"ఒక్కసారి నాడె విసురు, సాలు."

చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన పని. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, నూలు చుట్టిన నాడెను విసిరాను. నాడె అవతలి అంచుకు చేరగానే జేబులో ఫోన్ వణికింది. చీరల ఫోటోలు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. నేను టైం పెట్టింది ఆరింటికి. అప్పటికి పది దాటింది.

మర్నాటి నుంచి మళ్లీ ఆరింటికే. ఆ ప్రోగ్రాం మొత్తం తిరగేశాను. నాకంటే బాగా తెలిసిన స్నేహితుడికీ చూపించాను. ఎక్కడో ఇరుక్కుని ఉంటుందిలే అన్నాడు. కావచ్చు.

నేను నాడె విసిరిన రోజు మధ్యాహ్నం అన్నం పెడుతూ అమ్మ అంది: "ఇన్ని దినాలు ఫోటోలు గూడ పోలేదంట గద. షావుకారు చెప్పిండు. బంద్ వెట్టి మంచిగ చేసినవ్ బిడ్డా. నీ మిషిన్‌కు తెల్వదని మీ నాయన ఊకె అంటుండె."

తల వంచుకుని తిన్నాను. ఇప్పటికీ ఆమెకు నిజం చెప్పలేదు. అది ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఆపింది నేను కాదని మాత్రం తెలుసు.