దేవుడా, అది దయ్యమే కావాలి

దయ్యం కనబడితే ఎవరైనా ఏం చేస్తారు? ఆంజనేయస్వామిని తలుచుకుంటారు, లేదా పరుగు లంకించుకుంటారు. నేను మాత్రం "అమ్మయ్య, దయ్యమే!" అని గుండెల మీద చెయ్యి వేసుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ హాయికి ఒక కన్ను పోయినంత పనైంది. తొమ్మిది రోజులు ఊరినంతా వణికించిన ఆ ఘనకార్యం చెప్తాను, వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకున్న సిగ్గంతా అప్పుడే ఖర్చయిపోయింది.

తొంభైల్లో మాట. దివిసీమలో సముద్రానికి దగ్గర్లో మా ఊరు. మా ఆయన వేటకెళ్తే వారం పది రోజులకు గానీ ఒడ్డుకు రాడు. ఇంట్లో నేనూ, మా అత్తయ్యా, నా కుట్టుమిషనూ. పెళ్ళయిన రెండో ఏడు నా ఎడమ కంటి లోపల వాపు వచ్చింది. గుడివాడలో డాక్టరమ్మ గంటకోసారి చుక్కలు వేయించి, స్టెరాయిడ్ బిళ్ళలు మింగించి తగ్గించింది. ఆ బిళ్ళలకు నా ముఖం పూరీలా పొంగింది. మా ఆయన వేట నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, "పద్మ లేదాండీ?" అని నన్నే అడిగాడు.

చివరిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "ఇది పోయే రకం కాదమ్మా, పడుకునే రకం. మళ్ళీ లేవొచ్చు. ఎరుపు, మసక, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏదొచ్చినా ఆ రోజే బస్సెక్కు. ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగిరాదు."

"అలాగేనండీ" అన్నాను. అనడానికేం, నోటికి ఏ వాపూ లేదుగా.

రెండేళ్ళు గడిచాయి. ఆషాఢమాసం, మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు, కాకి కూడా అరవడం లేదు. హుక్కులు కుడుతూ కిటికీలోంచి చూశాను. కాలవగట్టు మీద పొగరంగులో మనిషంత ఆకారం. తల కాస్త పక్కకు వాల్చింది. కాళ్ళు లేవు. నేలకు జానెడెత్తున వేలాడుతున్నట్టుంది. రెప్ప వేసి తెరిచాను. గట్టు మీద లేదు, మా పెరట్లో ములగచెట్టు కింద ఉంది. ఇంకోసారి రెప్ప వేశాను. గుమ్మంలో ఉంది.

ఒళ్ళు జల్లుమంది. ఆ వెనకే ఇంకో భయం, అసలు భయం వచ్చింది. మసక! ఇది మసక కాదు కదా? దయ్యమైతే నిమ్మకాయతో పోతుంది. కన్నైతే మళ్ళీ గుడివాడ, మళ్ళీ చుక్కలు, మళ్ళీ పూరీ ముఖం, ఆ పైన చూపు ఉంటుందో ఊడుతుందో. కళ్ళు గట్టిగా మూసుకుని, "దేవుడా, అది దయ్యమే కావాలి" అని మొక్కుకున్నాను. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు భయపడే వాళ్ళ గురించి విన్నాం. రోలునే తలగడ అనుకుని పడుకున్న మహాతల్లిని నేనొక్కదాన్నే.

"అత్తయ్యా, గట్టు మీద ఎవరో ఉన్నారు."

కత్తిపీట ముందు చేపలు కోస్తున్న అత్తయ్య తలెత్తి చూసింది. "ఎవరూ లేరే."

"ఉన్నారండీ. కాళ్ళు లేవు."

అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "ఆడా, మగా?"

"జుట్టు విరబోసుకున్నట్టుంది."

"మొహం?"

"మసగ్గా ఉంది."

"ఎటు చూస్తా ఉంది?"

"నేనెటు చూస్తే అటే వస్తా ఉందండీ."

అత్తయ్య చేతిలో చేప జారిపోయింది. "సుందరే" అంది మెల్లిగా.

సుందరి అత్తయ్య చెల్లెలు. డెబ్బై ఏడు ఉప్పెనలో కొట్టుకుపోయింది. మిగతా వాళ్ళ శవాలు ముళ్ళకంపల మీదో చెట్ల మీదో దొరికాయి, సుందరి మాత్రం దొరకలేదు. "దొరకని మనిషికి దినమేంటి?" అని అత్తయ్య ఇన్నేళ్ళూ దినం కూడా పెట్టనివ్వలేదు. నిజం చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. కానీ చెప్తే మర్నాడే గుడివాడ బస్సు. తెరిచిన నోరు ఆవలించి మూసుకున్నాను. పిరికిదాన్నండీ, ఇంకో మాట లేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట అత్తయ్య ఆకులో అన్నం, మట్టగిడస చేప పులుసు పెట్టి గట్టు మీద ఉంచడం మొదలెట్టింది. "దానికి ఈ పులుసంటే ప్రాణం" అనేది. సాయంత్రానికి ఆకు నున్నగా ఖాళీ. మూడో రోజుకు పక్కింటి వెంకాయమ్మ గారు వచ్చి కూర్చున్నారు.

"నాకూ కనబడింది పద్మా. పట్టీలు పెట్టుకుంది."

"కాళ్ళే లేవు కదండీ, పట్టీలెక్కడ పెట్టుకుంది?"

"చప్పుడు విన్నాన్లే" అన్నారావిడ.

ఆవిడ జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. "అది కుట్టనివ్వట్లేదండీ" అన్నాను. "అయ్యో పాపం, ఎలా ఉన్నా తొడుక్కుంటాన్లే" అన్నారు. కన్నెందుకు ఎర్రబడిందంటే రాత్రి ఏడిపించిందన్నాను. ఎండ చూడలేక కిటికీకి దుప్పటి కడితే, అది తొంగి చూడకుండా అన్నాను. రోగం ఒక్కో లక్షణం బయటపెడుతుంటే నేను ఒక్కో దానికీ దయ్యం ముసుగు తొడుగుతూ వచ్చాను. కుట్టుపని కదా, అలవాటు.

అది మాత్రం రోజురోజుకూ పెరిగింది. గట్టు వదిలేసింది. ఏడో రోజున నా కంచంలో అన్నం మీద కూర్చుంది. ఎనిమిదో రోజు అద్దంలో నాకూ నా ముఖానికీ మధ్య నిలబడింది. అప్పుడు దానితో "నువ్వు సుందరివే కదూ? అవునను తల్లీ" అని బతిమాలాను. పగటిపూట, ఒంటరిగా, ఖాళీ గదిలో.

తొమ్మిదో రోజు అత్తయ్య దిష్టి తీసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు. అందరికీ తెలిసిందే. ఇంక ఆ ఘాటు చూడాలి! వెంకాయమ్మ గారు దగ్గుతూ వీధిలోకి పరిగెత్తారు. మేక తాడు తెంపుకుంది.

"ఇంత ఘాటొచ్చిందేంటే!" అత్తయ్య దగ్గుల మధ్య తెల్లబోయింది. "దిష్టీ కాదు, గాలీ కాదు. మరి నీకు కనబడేదేంటి?"

పొగకు కుడికన్ను మండి దాన్ని అరచేత్తో మూసుకున్నాను. ఎడమ కంటితో అత్తయ్య వైపు చూశాను. చీర ఉంది, చేతులున్నాయి, చేతిలో అట్లకాడ ఉంది. మెడ మీద ముఖం లేదు. పొగరంగు ముద్ద ఒకటి ఉంది, అందులోంచి, "ఏంటే పద్మా, అలా చూస్తా ఉన్నావ్?" అని అత్తయ్య గొంతు వస్తోంది.

చెయ్యి ఎడమ కంటి మీదికి మార్చాను. అత్తయ్య ముఖం వచ్చింది. మళ్ళీ మార్చాను. పోయింది.

"అత్తయ్యా!" అని బావురుమన్నాను. "దయ్యం లేదు, ఏం లేదు. నా కన్ను పోతోందండీ!"

అత్తయ్య అట్లకాడ అవతల పారేసింది. చేయి పట్టుకుని మొదటి బస్సెక్కించింది. పామర్రులో దిగి ఇంకో బస్సెక్కాం. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"తిరగబెట్టింది. ఎన్నాళ్ళైంది?"

"తొమ్మిది రోజులండీ."

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?"

"దయ్యమనుకున్నానండీ."

ఆవిడ కలం కింద పెట్టింది. "నా సర్వీసులో ఈ కారణం వినడం ఇదే మొదటిసారి. ఇంకో వారం ఆగుంటే నీకు దయ్యం కూడా కనబడేది కాదు."

చుక్కలు, బిళ్ళలు, పూరీ ముఖానికి ముహూర్తం అన్నీ పట్టుకుని బస్సెక్కాం. మొవ్వ దాటాక అత్తయ్య వైపు తిరిగాను.

"అత్తయ్యా, తప్పైపోయింది. మిమ్మల్ని మోసం చేశాను. అది సుందరత్త కాదు."

"నాకు తెలుసులేవే."

"ఎలాగండీ?"

"అది పోయాక పదమూడేళ్ళకు నువ్వు మా ఇంట్లో అడుగు పెట్టావు. నువ్వెవరో దానికేం తెలుసు? వస్తే నాకోసం వస్తుంది గానీ, నీకోసమెందుకొస్తుందే?"

"మరి రోజూ పులుసన్నం పెట్టారు కదా?"

అత్తయ్య కిటికీలోంచి వరిచేల వైపు చూసింది. "ఇన్నేళ్ళూ పెట్టడానికి మనసొప్పలేదు. నువ్వు కనబడిందంటే ఆ వంకన పెట్టేశాను. కడుపు చల్లబడింది" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నా కళ్ళు కూడా తుడవబోయి, "చీ చీ, నీ కన్ను ముట్టుకోకూడదన్నారు కదా" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

నెల తిరిగేసరికి చూపు కుదుటపడింది. ముఖం మాత్రం పూరీయే.

కనుక పాఠక మహాశయులారా, నా కుట్టుమిషను సాక్షిగా, కత్తెర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దయ్యం కనబడినా ముందు కుడికన్ను మూసి చూస్తాను, తర్వాత ఎడమకన్ను మూసి చూస్తాను. ఏదో ఒక కంటికే కనబడితే చెప్పులైనా వేసుకోకుండా గుడివాడ బస్సెక్కుతాను. రెండు కళ్ళకీ కనబడితే మాత్రం అరవను, పరిగెత్తను. మర్యాదగా పీట వేసి, లోపలికి ఒక్క కేక వేస్తాను. "అత్తయ్యా, మీకోసం ఎవరో వచ్చారు!"