ధర్మపురిలో నేను పుట్టించిన దేవుళ్లు

ఆ రోజుల్లో మాకు చాలా వాటికి కరువుండేది కానీ, దేవుళ్లకు మాత్రం కరువు లేదు. ధర్మపురిలో పుట్టినవాడు పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గోదారి దాకా నడిచి వచ్చేలోపు ఎన్ని గుళ్ల ముందు ఆగి దండం పెట్టాలో లెక్క ఉండేది కాదు. అలాంటి ఊళ్లో, పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం సెలవుల్లో, నేను కొత్తగా నలుగురు దేవుళ్లను పుట్టించాను. ఎవరూ అడగలేదు, అవసరమూ లేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఆ నవ్వు పూర్తిగా మాత్రం రాదు.

దీనికంతటికీ మూలం మా మేనబావ. బొంబాయిలో చదువుకునే ఆయన సెలవులకు వస్తూ, అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. అది ఆట పుస్తకమట. బంతి లేదు, పేకముక్కలు లేవు. ఒకడు కథ చెబుతూ పోతాడు; మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఒకడు యోధుడు, ఒకడు మాయగాడు. అడవిలో రాక్షసుడు ఎదురైతే కొట్లాడాలా, ఉరకాలా అన్నది వాళ్లిష్టం. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. బావ రెండు రోజులు ఆడించి, పుస్తకం నాకు వదిలేసి వెళ్లిపోయాడు. అందులో సగం నాకు అర్థం కాలేదు (ఇంగ్లీషులో నాకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ చెప్పను). అర్థం కానిచోటల్లా నా సొంత తెలివి వాడాను. పాచికలు లేవు కనక మా అవ్వ, అంటే మా అమ్మ, ఆడుకునే పచ్చీసు గవ్వలు ఎత్తుకొచ్చాను.

ఆడేది ముగ్గురం. నేను కథ చెప్పేవాణ్ని. యోధుడు లంబు, మాయగాడు బుడ్డోడు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. లంబు తండ్రి అన్న, బుడ్డోడి తండ్రి తమ్ముడు. గుడి వీధిలో వాళ్లవి పక్కపక్కనే కొబ్బరికాయల దుకాణాలు, నడుమ ఒక్క తడక. ఆరేళ్లుగా ఆ అన్నదమ్ములకు మాటల్లేవు. మాట్లాడాల్సి వస్తే కొనడానికొచ్చిన యాత్రికుణ్ని అడ్డం పెట్టుకునేవాళ్లు. "అయ్యా, ఆ పక్కాయనకు చెప్పున్రి, ఆయన బుట్ట నా జాగలకు వచ్చిందని" అనేవాడు అన్న. "బుట్టకు కాళ్లు లేవని చెప్పున్రి" అనేవాడు తమ్ముడు. ఎక్కడి నుంచో మొక్కు తీర్చుకోవడానికొచ్చిన ఆ మనిషి రెండు దుకాణాల మధ్య బిత్తరపోయి నిలబడేవాడు.

పిల్లలు కలిసి తిరగకూడదని రెండిళ్లలోనూ ఆన. అందుకే మధ్యాహ్నం పెద్దలంతా కునుకు తీసే వేళ, లంబు మా ముందు దర్వాజా నుంచి, బుడ్డోడు పెరటి గోడ దూకి మా మిద్దె గదికి చేరేవాళ్లు. ఆ అన్నదమ్ముల పిల్లలు ఒకచోట కూర్చుని నవ్వుకునే జాగా ఊరు మొత్తంలో ఆ గది ఒక్కటే. అది ఎంత పెద్ద విషయమో అప్పుడు నాకు తెలియదు. నాకు కథ ఒక్కటే ముఖ్యం.

కథకు దేవుళ్లు కావాలని పుస్తకం చెప్పింది. వాళ్లలో వాళ్లకు పగలుండాలట, అప్పుడే ఆట రంజుగా సాగుతుందట. మా నాయన బడి నుంచి తెచ్చిన తెల్లకాగితాలు కుట్టి, రెండు రోజులు తలుపేసుకుని రాశాను. చెవిటి వానదేవుడు, వాన అడిగితే వడగండ్లు ఇస్తాడు. గాలిదేవత, ఈ ఇంటి ముచ్చట ఆ ఇంటికి మోస్తుంది. ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు, అగ్గిరాయుడు, నీళ్లరాయుడు. పక్కపక్కనే గుళ్లు, మాటల్లేవు, ఏదైనా చెప్పుకోవాలంటే భక్తుడి ద్వారానే. మా అవ్వ ఆ కాగితాలు చూసి, "మూడు కోట్ల దేవుళ్లు సాలలేరా నీకు? ఉన్నోళ్లకు పూజ చేస్తలేవు గని, కొత్తోళ్లను తెస్తున్నవా?" అని నెత్తి మీద ఒకటిచ్చింది.

నేను భక్తుడి గొంతుతో, "అగ్గిరాయా, నీ తమ్ముని నీళ్లు నీ గడప తడుపుతున్నయట!" అని అరవగానే లంబు, బుడ్డోడు పొట్టలు పట్టుకుని పొర్లారు. "అచ్చం మా బాపేరా!" అన్నాడు లంబు. "నీళ్లకు కాళ్లు లేవని చెప్పు!" అన్నాడు బుడ్డోడు కళ్లు తుడుచుకుంటూ. అంత నవ్వు నేను అంతకుముందు ఎవరికీ పంచలేదు. అది నా తలకెక్కింది.

ఆ నెలలోనే లంబు వాళ్లక్క లగ్గం కుదిరింది. పిలుపులు రాసే వేళ వాళ్ల నాయన, "తమ్మునికి గూడ ఒకటి రాయున్రి. ఎన్నొద్దులని గిట్లుంటం?" అన్నాడట. లంబు ఆ మాట చెబుతుంటే బుడ్డోడు ఎగిరి గంతేశాడు. ఒకరోజు నేనూ బుడ్డోడూ ఇద్దరమే గోదారిలో ఈత కొట్టి మెట్ల మీద ఆరుతున్నప్పుడు, ఆ సంతోషంలోనే కాబోలు, వాడు నాకొక రహస్యం చెప్పాడు.

వాళ్ల బాపమ్మ చావు బతుకుల్లో ఉన్నప్పుడు లంబు తండ్రి ఇంకా దుకాణం పెట్టలేదు, బొంబాయి పక్క భివండిలో మగ్గాల పనిలో ఉన్నాడు. పెద్దకొడుకును చూడాలని ఆమె పలవరించింది. తార్, అదే టెలిగ్రాం, ఇచ్చి రమ్మని అందరూ బుడ్డోడి తండ్రిని పంపారు. తార్ ఇచ్చినా అన్నకు అందలేదని ఊరంతా అనుకునేది. ఆలస్యంగా ఇచ్చి ఉంటావని అన్న, ఇచ్చానని తమ్ముడు, అక్కడే తగాదా మొదలైంది.

"బాపు అసలు ఇయ్యనే లేదురా," అన్నాడు బుడ్డోడు. "నన్ను సైకిల్ మీద కూసోపెట్టుకొని తారాఫీసు దాక పోయిండు. చానసేపు బయటనే నిలవడ్డడు. 'రాత్రింబగళ్లు సూసుకునేది నేను, పిలిసేది వాన్నా' అన్నడు. మల్ల తిరిగొచ్చిండు. బాపమ్మ గట్లనే పానం ఇడుస్తదని ఆయనకు తెల్వదు గదా. యాదికొస్తె ఇప్పటికి ఏడుస్తడు. నువ్వు ఎవ్వరికి చెప్పకు."

చెప్పనని నరసింహస్వామి మీద ఒట్టేశాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. రాశాను, అంతే. (పదహారేళ్ల వయసులో ఈ రెండింటికీ తేడా ఉందని నేను గట్టిగా నమ్మాను.) అగ్గిరాయుడికి, నీళ్లరాయుడికి పగ ఎందుకొచ్చిందో నా కథలో అప్పటిదాకా లేదు. అంత మంచి కారణం చేతికి దొరికాక ఆగలేకపోయాను. కన్నతల్లి భూదేవి మంచం పట్టింది, దూరాన ఉన్న అగ్గిరాయుణ్ని పిలవడానికి మబ్బును పంపమని తమ్ముణ్ని కోరింది, వాడు మబ్బుల కొండ దాకా వెళ్లి, నిలబడి, వెనక్కి వచ్చి పంపానన్నాడు. రాసి, నేనే చదువుకుని, నా కళ్లు నేనే తుడుచుకున్నాను.

మర్నాడు మిద్దె గదిలో గొంతు సవరించుకుని చదివాను. ఎవరూ నవ్వలేదు. నా రచనకు చలించిపోయారనుకుని ఇంకా రాగం తీశాను. తల ఎత్తేసరికి బుడ్డోడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. లంబు మెల్లగా అడిగాడు, "గిది నువ్వే అల్లినవా?"

"ఆ, నేనే" అంటే సరిపోయేది. నేను బుడ్డోడి వైపు చూశాను. ఒక్క చూపు. లంబు ఆ చూపు పట్టుకున్నాడు. గవ్వలు పక్కకు నెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో ఇంటికి ఉరికాడు.

సాయంత్రానికి ఆ అన్న తన దుకాణం దిగి తమ్ముడి దుకాణం ముందుకొచ్చాడు. నేను ఎదుటి అరుగు మీద నిలబడి చూస్తున్నాను. ఆరేళ్ల తర్వాత మొదటిసారి మధ్యలో ఏ యాత్రికుడూ లేకుండా అడిగాడు, "తమ్మీ, ఆ పొద్దు తార్ ఇచ్చినవా, లేదా?"

తమ్ముడు చేతిలోని కొబ్బరికాయ కింద పెట్టాడు. "ఇయ్యలే అన్నా," అన్నాడు.

అన్న తిట్టలేదు, కొట్టలేదు. వెళ్లి తన దుకాణం మూసుకున్నాడు. లగ్గం తమ్ముడు లేకుండానే జరిగిపోయింది. బ్యాండు మోత ఇంటి ముందు నుంచి వెళుతుంటే బుడ్డోడి తండ్రి లోపల తలుపేసుకుని కూర్చున్నాడని మా అవ్వ చెప్పింది. దసరా రాకముందే వాళ్లు దుకాణం ఎత్తేసి, బుడ్డోడి మేనమామల ఊరు చెన్నూరుకు వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లేముందు నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. కథ మార్చి రాశాను. అగ్గిరాయుడు, నీళ్లరాయుడు కౌగిలించుకునేట్టు, పైన పూలవాన కురిసేట్టు (వానదేవుడికి ఆ ఒక్కరోజు చెవులు వినిపించాయి). ఆ కాగితాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బుడ్డోడు సామాన్లు కడుతున్నాడు. మొదటి పేజీ చదివి, మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"నీ దేవుళ్లు కలిస్తె మా బాపు, పెద్దబాపు కలుస్తరా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

లంబుతో కూడా మాటలు అలాగే తగ్గిపోయాయి. వాడికి నా మీద కోపం లేదు. నన్ను చూస్తే బుడ్డోడు గుర్తొస్తాడని మాత్రం ఒకసారి అన్నాడు. నేను మళ్లీ ఎవరికీ కథ చెప్పలేదు.

ఏడెనిమిదేళ్లకు నాకు పంతులు ఉద్యోగమొచ్చి ఏదో పని మీద చెన్నూరు వెళ్లాను. బజారులో బట్టల దుకాణంలో బుడ్డోడు కనిపించాడు. బుడ్డోడనే పేరు ఇక చెల్లదు, నాకన్నా ఎత్తయ్యాడు. చూడగానే గుర్తుపట్టాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"మంచిగున్నరా సార్? బాపు, అవ్వ మంచిగున్నరా?"

అంతా బాగేనన్నాను. వాళ్ల నాయన పోయి రెండేళ్లయిందన్నాడు. "మీ పెద్దబాపు...?" అని అడగబోయి ఆగాను. వాడే చెప్పాడు: "దినాలకు వచ్చిండు సార్. గడప బయటనే కూసొని పోయిండు."

వాడు కనిపిస్తే ఏమనాలో బస్సులోనే కూర్చుకుని వచ్చాను. చివరికి, "అప్పుడు నేను చేసింది..." అన్నాను.

"ఇడ్సిపెట్టున్రి సార్. చిన్నప్పటి ముచ్చట," అన్నాడు, చీర మడత విప్పి ఎవరికో చూపిస్తూ.

వాడు తిడితే తట్టుకునేవాణ్ని. ఆ 'సార్' తట్టుకోలేకపోయాను. దుకాణంలో నిండా ఆడవాళ్లున్నారన్నది కూడా మరిచి, కుర్చీలోంచి లేచి, "నన్ను సార్ అనకురా! అరే అను, తిట్టు, ఏమన్నా అను!" అని గట్టిగా అరిచాను. చీరలు చూస్తున్నవాళ్లంతా తలలు తిప్పి, ఈ మనిషికి ఏమైంది అన్నట్టు చూశారు. వాడు కూడా ఒక్కక్షణం చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది, మా మిద్దె గదిలో నవ్విన నవ్వే అనుకుని నా ప్రాణం లేచొచ్చింది.

"సరే సార్," అన్నాడు.