తూర్పుకు తిప్పిన గాజుపలక

మా సార్ పోయారని నాకు నాయుడుపేట బస్టాండులో తెలిసింది. కాలేజీలో మా ల్యాబు అటెండరు బస్సు దిగుతూ నన్ను చూసి ఆగిపోయాడు. "సారు లేడమ్మా. బేస్తవారం తెల్లారుజామున గుండె ఆగిపోయింది. నీకు కబురు చేద్దామంటే అడ్రసు తెలీకపాయె," అన్నాడు. నేను ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది. పోతే పోనీ అని అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

మా సార్ నెల్లూరులో రేకుల పని చేసుకునే సాయిబుల ఇంట పుట్టారు. అక్కడి కాలేజీలోనే మాకు జీవశాస్త్రం చెప్పేవారు. పాఠం చెబుతూనే పాత టార్చిలైటు బ్యాటరీలు చీల్చి, లోపలి నల్లటి బొగ్గుకడ్డీలు తీసి తుడుస్తూ ఉండేవారు. కరెంటు పెట్టడానికి ప్లాటినం తీగ కావాలట. మా ల్యాబుకు ప్లాటినం ఎక్కడిది, నా బొంద! ఆ కడ్డీలే మాకు ప్లాటినం. జెల్లీ పలకను ఉప్పునీళ్ళలో ఉంచి కరెంటు పారించే పెట్టె కూడా ఆయనే చేశారు. కరెంటు సామానంతా విప్పేసిన పాత రేడియోది.

ఆ జెల్లీకి అగర్ కావాలి, అంటే సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. తడ వైపు నుంచి ఒక బెస్త అవ్వ పులికాట్ సరస్సులో నాచు ఏరి తాటాకు బుట్టలో తెచ్చేది. సార్ దాన్ని ఉడకబెట్టి, వడగట్టి, చేపల ఐసులో గడ్డకట్టించి, మళ్ళీ కరిగించి తేటగా చేసేవారు. ల్యాబంతా ఒకటే కంపు. మేం మొహాలు చిట్లిస్తే, "ముక్కు మూసుకోండి, కళ్ళు మూసుకోవద్దు," అనేవారు.

ఇంతకీ ఆయన తపన ఏమిటంటే, డి.ఎన్.ఏ. ఆకారం పట్టుకోవాలని. అది కంటికి ఆనదు. కానీ జెల్లీ పలకకు ఒక కొసన చిన్న గాట్లు పెట్టి, వాటిలో దాన్ని పోసి కరెంటు పెడితే, వల కన్నుల్లోంచి దూరినట్టు ప్లస్సు వైపు పోతుంది. ఎంత దూరం పోయిందో చూసి అది ఎలా ముడుచుకుని ఉందో చెప్పవచ్చు. నాకు బుర్రకెక్కలేదు. ఒకరోజు ఆయన తాడు ముక్క తీసుకుని రెండు కొసలూ కలిపి ముడేశారు. గాజులా గుండ్రంగా ఉంది. ఇంకో ముక్కకు పురి మీద పురి ఎక్కించి కొసలు కలిపారు. అది తనమీద తానే మెలికలు పడి పిడికిట్లో ఇమిడిపోయింది.

"రెండూ ఒకే పొడుగు, ఒకే బరువు. వలలో ఏది ముందు పోతాది?"

బుట్ట దించుతున్న అవ్వ అందుకుంది. "మెలికబడిందే సాయిబూ. ఇప్పారింది వలకు తట్టుకోదా?"

సార్ పొంగిపోయారు. "చూసినావా! డిగ్రీ లేకుండానే చెప్పేసింది!"

అలా మెలికబడిందీ విప్పారిందీ కలిసి ఉన్న గుండ్రటి డి.ఎన్.ఏ. కోసం మద్రాసులో ఉన్న తన పాత క్లాస్‌మేటుకు రెండేళ్ళు ఉత్తరాలు రాశారు. చివరికి ఐసు నింపిన ఫ్లాస్కులో ఒక బుల్లి గొట్టం వచ్చింది. రెండుసార్లకే సరిపోతుంది. "మళ్ళీ అడగడానికి మనకు మొహం ఉండదమ్మా," అన్నారు.

అది శుక్రవారం. సార్ జెల్లీ పలకను పెట్టెలో అమర్చి, "సగం పోసి స్విచ్చి వెయ్యి, నేను నమాజుకు పోయొస్తా," అని వెళ్ళారు. పలక మీది గాట్లు తూర్పు కొసన ఉన్నాయి. అంటే డి.ఎన్.ఏ. పడమటికి నడవాలి. మాది చిట్టమూరు దగ్గర వ్యవసాయం. విత్తనం చల్లినా, నాగలి కట్టినా తూర్పు మొహంగానే. ఇంత గొప్ప పని పడమటికి మొదలుపెట్టడమేమిటని నాకు మనసొప్పలేదు. గాజుపలకను జెల్లీతో సహా ఇటుదటు తిప్పి, గొట్టంలోది సగం పోసి, దణ్ణం పెట్టుకుని స్విచ్చి వేశాను. తీగలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, ప్లస్సు పడమటి వైపే. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

సార్ వచ్చేసరికి, గుర్తుకని కలిపిన నీలిరంగు జెల్లీలోకి పోకుండా వెనక్కి నడిచి పెట్టెలోని ఉప్పునీళ్ళలో కలిసిపోయింది. దాంతోపాటే ఆయన రెండేళ్ళ ఎదురుచూపులో సగం. ఆయన స్టూలు మీద కూర్చుని, గాట్లు ఏ కొసన ఉన్నాయో వంగి చూశారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

"ఎందుకు తిప్పినావమ్మా?"

చెప్పాను. ఆయన మొహం మీద మెల్లగా నవ్వు వచ్చింది. "నేను పడమటికి తిరిగి మొక్కొచ్చినా. నువ్వు తూర్పుకు మొక్కినావు. దానికి రెండూ పట్టవు. ప్లస్సు యాడుంటే ఆడికే పోతాది."

మర్నాడు పెట్టె ముట్టుకునే మొహం లేక గాజుసామాను కడుగుతున్నాను. సార్ వచ్చి, మిగిలిన సగం ఉన్న గొట్టాన్ని నా తడి చేతిలో పెట్టారు.

"నాకొద్దు సార్! మళ్ళీ పాడైతే?"

"నిన్న పాడుచేసిన పిల్ల కన్నా జాగ్రత్తగా ఇయ్యాల ఇంకెవరు చేస్తారు? నేనైనా చెయ్యలేను."

ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతూ, ఎవరైనా ఏదైనా పగలగొడితే, ఆ మాట గుర్తొచ్చి తిట్టబోయిన నోరు మూసుకుంటాను.

ఆ రోజు ఈ చివర నుంచి ఆ చివరకు తీగలు నాలుగుసార్లు చూసుకుని స్విచ్చి వేశాను. సాయంత్రం జెల్లీని డి.ఎన్.ఏ.కు అంటుకునే నీలిరంగులో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి కడిగాం. రంగు దిగిపోతూ పోతూ రెండు సన్నటి గీతలు మిగిలాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. ఒకటే గొట్టంలోది, ఒకటే పొడుగుది! మెలికబడింది ముందు పోయింది, విప్పారింది వెనకబడింది. అమ్మో! ఏ కన్నూ చూడలేని ముడుత, మా కంపు నాచులోంచి నడిచి వెళ్ళి తన జాడ చెప్పింది. మద్రాసులో, ఇంకెక్కడో ముందే చూసినవాళ్ళు ఉంటారు. ఉండనీ. మా నెల్లూరులో ఆ పూట చూసింది మేమిద్దరమే.

"కిటికీ దగ్గరికి తీసకరా," అన్నారు సార్. తడి జెల్లీ, చూస్తే చాలు చిరిగేట్టుంది. రెండు అరచేతుల మీద ఎత్తుకుని అడుగులో అడుగు వేశాను. సార్ నాకెదురుగా వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. జారితే పట్టుకోవడానికి ఆయన రెండు చేతులూ నా చేతుల కిందే ఉన్నాయి. కిటికీ చేరేదాకా ఒక్కసారి కూడా నా చేతులకు తాకలేదు.