దిబ్బలో మేకులు చల్లిన నాగభూషణరావు

మొవ్వ చుట్టుపక్కల నాగభూషణరావుతో తగువు పడని మనిషి కావాలంటే ఇంకా పుట్టనివాళ్లలో వెతుక్కోవాలి. గట్టు జానెడు జరిగిందని సొంత బావమరిదితో పదకొండేళ్లుగా మాటల్లేవు. కాలవ నీళ్ల దగ్గర సరేసరి. అరవై నాలుగేళ్లొచ్చినా ముక్కు మీది కోపం కిందికి దిగలేదు. అలాంటాయన దగ్గరికి, మినుము పీకేసిన వారానికి, బందరు నుంచి వందన అనే అమ్మాయి ఆయన పొలంలో సర్వేకి సర్కారు అనుమతి కాగితం పట్టుకుని వచ్చింది.

పాత కట్టడాలు తవ్వేవాళ్ల తరఫు మనిషి ఆమె. తవ్వకుండానే కింద గోడలున్నాయో లేవో చెప్పే మిషను ఉందట. బట్టీలో కాలిన ఇటుక భూమి అయస్కాంతపు గుర్తును పట్టుకుంటుంది, ఎన్ని వందల ఏళ్లు పూడిపోయినా వదలదు. మిషను ఆ గుర్తును పసిగడుతుంది.

"రెండ్రోజుల పనండీ బాబాయ్ గారూ. గోడలు కనబడితేనే తవ్వుతాం."

"బాబాయ్ అంటే పొలం రాసిచ్చేస్తాననుకున్నావా? కాగితం ఉందిగా, దిగి ఏడవండి!"

ఆయనకు మిగిలిన పొలం రెండెకరాలే. అందులో పావెకరం దిబ్బ. అక్కడ నాగలి దించితే ఇటుకలు లేచేవి. వాటితోనే వాళ్ల నాన్న గొడ్లచావిడి కట్టాడు. ఊడ్పుకు పనికిరాదని దిబ్బను గడ్డివామికి వదిలేశారు. ఆ ఇటుకల సంగతి బయటపడితే పొలం మొత్తానికి కంచె వేసి, తనను గట్టు మీద నిలబెడతారని ఆయన భయం. భయపడ్డానని ఒప్పుకోలేని మనిషి కాబట్టి తిట్టాడు.

ముందు బావమరిది చేలో సర్వే జరిగింది. మిషను మోసేవాళ్లు బెల్టులు, పిన్నీసులు తీసి దూరంగా పెట్టడం నాగభూషణరావు గట్టు మీంచి చూశాడు. ఇనుము దగ్గరుంటే మిషనుకు మతి పోతుందని అర్థమైంది. వెంటనే గుడివాడ వెళ్లి బస్తాడు తుప్పు మేకులు తెచ్చాడు. తెల్లారేసరికి దిబ్బంతా విత్తనాలు వెదజల్లినట్టు చల్లి, పారతో మట్టి కప్పి, మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

రెండు రోజులు ఆయన చేలో మిషను తిరిగింది. మూడోరోజు వందన ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. పొలమంతా బూడిదరంగు. దిబ్బ మీద మాత్రం నల్లటి, తెల్లటి మచ్చలు.

"ఏమ్మా, మీ మిషను చచ్చిందా?" పకపకా నవ్వాడాయన.

"ఇవి ఇనుము మచ్చలండీ. కింద ఏముందో కనబడనివ్వట్లేదు. పొలమంతా చల్లుంటే మేం తలపట్టుకుని పోయేవాళ్లం. ఈ పావెకరంలోనే ఎందుకు చల్లారు?"

"మిగతా చేలో ఊడ్పులకి ఆడవాళ్లు వట్టికాళ్లతో దిగుతారు. మేకులు గుచ్చుకోవూ?" అని కసిరాడు. కసిరాక గాని ఏం వాగాడో ఆయనకు తెలియలేదు. నవ్వు ఆగిపోయింది.

వందన ల్యాప్‌టాప్ మూసింది. ఇప్పుడామె గొంతులో బాబాయ్ లేదు.

"ఎక్కడ దాచాలో మీకు తెలుసు. అంటే కింద ఏముందో కూడా తెలుసు. తవ్వకం అక్కడే మొదలుపెడతాం. మా కూలీలూ వట్టికాళ్లవాళ్లే. ముందా మేకులు మీరే ఏరండి."

ఆమెను, ఆమె మిషనును, తన నోటిని కలిపి బూతులు తిడుతూ నాగభూషణరావు దిబ్బ ఎక్కాడు. పక్క గట్టు మీంచి బావమరిది చూస్తున్నాడు. ఈయన పంచె ఎగ్గట్టి, వంగి, మొదటి మేకు తీశాడు.